రాతి మీద లేని మూడో భాష

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన, టైన్ నది సముద్రంలో కలిసేచోట సౌత్ షీల్డ్స్ అనే ఊరుంది. రోమన్ల కాలంలో అక్కడొక కోట ఉండేది. 1878లో ఆ ఊళ్లో ఒక సమాధి రాయి బయటపడింది. దాని మీద ఒక స్త్రీ పేము కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒళ్లో కదురు, పక్కన బుట్ట నిండా ఊలు ఉండలు. కుడి చెయ్యి నగల పెట్టె మీద ఉంటుంది, మూత తీసి చూపిస్తున్నట్టు. మెడలోనూ చేతులకూ తాడులా మెలితిప్పిన నగలు. ముఖం మాత్రం చెక్కుకుపోయింది.

కింద లాటిన్‌లో ఉన్న సంగతి ఇంతే: ఈమె పేరు రెజీనా. కటువెల్లౌనీ తెగ మనిషి. వయసు 30. పాల్మైరా నుంచి వచ్చిన బారటీస్ ఆమెను బానిసత్వం నుంచి విడిపించి పెళ్లాడాడు. పాల్మైరా సిరియా ఎడారిలోని ఊరు, అక్కడికీ టైన్ నదికీ మధ్య రోమన్ సామ్రాజ్యం మొత్తం ఉంది. లాటిన్ కింద బారటీస్ తన సొంత భాషలో, అరమాయిక్‌లో, ఇంకో వరుస చెక్కించాడు: "రెజీనా, బారటీస్ విడిపించిన మనిషి, అయ్యో." లాటిన్ వాక్యంలో వ్యాకరణం తడబడింది. అరమాయిక్ అక్షరాలు మాత్రం చెయ్యి తిరిగినవాళ్లు చెక్కినట్టు నిండుగా, సాఫీగా ఉన్నాయి.

రాయి మీద రెండు భాషలున్నాయి. రెజీనా చిన్నప్పుడు ఇంట్లో విన్న భాష లేదు. ఆమె తెగవాళ్లది లండన్‌కు ఉత్తరాన ఉన్న ప్రాంతం. రోమన్లు బ్రిటన్ మీదికి వచ్చినప్పుడు ముందుండి పోరాడిన కరాటకస్ ఆ తెగవాడే. వంద ఏళ్లు దాటాక ఆ తెగ ఆడబిడ్డ రోమన్ కోట పక్కన, లాటిన్ పేరుతో, సిరియా మనిషి భార్యగా కన్నుమూసింది. రెజీనా అంటే లాటిన్‌లో రాణి. అది అమ్మానాన్నలు పెట్టిన పేరో, కొనుక్కున్నవాడు పెట్టిన పేరో చెప్పేవాళ్లు లేరు.

పశ్చిమ ఐరోపా పాత తెగలైన కెల్టులకూ రోమన్లకూ మధ్య యుద్ధం నడుస్తుండగా చెరో పక్కకు చెందిన ఇద్దరు ప్రేమలో పడటం, వాళ్ల చుట్టూ కెల్టుల పూజారులైన డ్రూయిడ్ల మంత్రాలు, పవిత్ర వనాలు, పరలోకానికి తెరుచుకునే గుమ్మాలు. చారిత్రక ఫాంటసీ రొమాన్స్‌లో ఇదొక పెద్ద పాయ. చరిత్ర ఇంత దండిగా ఉండగా మంత్రాలెందుకు అని చాలామందికి అనిపిస్తుంది. రెజీనా రాయిని చూస్తే దానికి జవాబు దొరుకుతుంది. ఈ కథల్లో మంత్రం నిలబడేది పోయిన భాష ఉండాల్సిన చోట. అది గుర్తుపెట్టుకుని రాసినవి గుండెను పట్టుకుంటాయి. మరచిపోయి రాసినవి గుడ్డలు మార్చిన మామూలు ప్రేమకథలుగా మిగిలిపోతాయి.

ఈ యుద్ధాల గురించి మనకు తెలిసిన కథంతా దాదాపుగా ఒక పక్కవాళ్లు చెప్పిందే. సీజర్ క్రీ.పూ. 58 నుంచి 50 వరకు గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల, యుద్ధం చేశాడు. ఆ యుద్ధ చరిత్ర కూడా తనే రాశాడు. అది కూడా "సీజర్ ఇలా చేశాడు, సీజర్ అలా అన్నాడు" అని ప్రథమ పురుషలో, ఎవరో పక్కన నిలబడి చూసి చెబుతున్నట్టు. క్రీ.పూ. 52లో అలేసియా కొండ మీద గాల్ తెగల నాయకుడు వెర్సింజెటొరిక్స్ లొంగిపోయాడు. ఆరేళ్లు చెరలో ఉంచి, 46లో రోమ్ వీధుల్లో ఊరేగించి చంపేశారు. అతను ఏమనుకున్నాడో సీజర్ చెబితేనే మనకు తెలిసేది.

కెల్టుల పక్కన రాత వచ్చినవాళ్లు లేరనడం తప్పు. లెక్కలకూ వ్యవహారాలకూ వాళ్లు గ్రీకు అక్షరాలు వాడేవారని సీజరే రాశాడు. కానీ డ్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టడానికి ఒప్పుకోలేదు. శిష్యులు పద్యాలు వల్లెవేసి నేర్చుకోవాలి, కొందరికి 20 ఏళ్లు పట్టేదట. ఇక్కడ తెలుగువాళ్లకు వేదం గుర్తుకు రాక మానదు. గురువు నోట విని, వల్లెవేసి, తరం నుంచి తరానికి అందించడం మనకు కొత్తేమీ కాదు. మన దగ్గర ఆ గొలుసు తెగలేదు. అక్కడ గొలుసులోని మనుషులనే రోమ్ తుడిచిపెట్టింది. వాళ్లతోపాటు పద్యాలూ పోయాయి.

ఇంచుమించు ఆ శతాబ్దాలకే సంబంధించిన మన గాథాసప్తశతిని పక్కన పెట్టి చూస్తే ఆ నష్టం ఎంతో అర్థమవుతుంది. శాతవాహన రాజు హాలుడి పేరుతో వచ్చిన ఆ ప్రాకృత పద్యాల్లో పల్లెటూరి ఆడవాళ్లు అత్తగారి కన్నుగప్పడం, గోదావరి ఒడ్డున ఎదురుచూడటం, మొగుడు ఊరెళితే దిగులుపడటం అన్నీ ఉన్నాయి. అక్కడక్కడా తెలుగు మాటలూ వినిపిస్తాయి. అదే కాలంలో బ్రిటన్‌లోనూ అమ్మాయిలు ఎవరి కోసమో ఎదురుచూసే ఉంటారు. వాళ్ల భాషలో అలాంటి పద్యం ఒక్కటీ మనదాకా రాలేదు.

గాల్ వాళ్ల చేతిరాత కొంచెం మిగిలింది. 1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీ దగ్గర ముక్కలు ముక్కలుగా ఒక కంచు పలక దొరికింది. రాసింది రోమన్ అక్షరాల్లో, భాష గాలిష్. అదొక పంచాంగం. అయిదేళ్లకు 62 చాంద్రమాన మాసాలు, అందులో రెండు అధిక మాసాలు. ప్రతి నెలనూ రెండు భాగాలు చేశారు. కొన్ని నెలల పక్కన మంచివనీ, కొన్నిటి పక్కన కాదనీ గుర్తులున్నాయి. పక్షాలూ అధిక మాసాలూ తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్లకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. మన వేదాంగ జ్యోతిషంలోని అయిదేళ్ల యుగంలోనూ ఇలాగే 62 మాసాలుంటాయి. కెల్టులు కాలాన్ని పగళ్లతో కాక రాత్రులతో లెక్కపెడతారని సీజర్ అన్న మాటను ఈ పలక పక్కన పెట్టి చదివితే, నవలల్లో కనిపించే "అడవి మనుషుల" బొమ్మ చెదిరిపోతుంది. ఆకాశాన్ని ఇంత ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్లు వాళ్లు.

ఇక మంత్రాల సంగతి. ఈ కథల్లోని మాయంతా ఇప్పటి రచయితల కల్పన అనుకుంటే పొరపాటు. దాన్ని మొదలుపెట్టింది రోమన్లే, వాళ్ల భయంతో. క్రీ.శ. 60 ప్రాంతంలో సేనాని స్యుటోనియస్ పౌలినస్ వేల్స్ పక్కనున్న ఆంగ్లసీ దీవి మీదికి వెళ్లాడు. అది డ్రూయిడ్ల నెలవు. ఒడ్డున నల్లబట్టలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని, కాగడాలు పట్టుకుని ఆడవాళ్లు సైనికుల మధ్య పరిగెడుతున్నారట. డ్రూయిడ్లు చేతులు పైకెత్తి శాపాలు పెడుతున్నారట. రోమన్ సైనికులు కాళ్లూ చేతులూ కట్టేసినట్టు కదలకుండా నిలబడిపోయారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తర్వాత తేరుకుని, దాటి వెళ్లి, వనాలు నరికేశారు. అదే సమయంలో తూర్పున ఐసీనీ రాణి బౌడికా తిరగబడింది. భర్త ప్రాసుటాగస్ చనిపోతూ రాజ్యాన్ని చక్రవర్తికీ ఇద్దరు కూతుళ్లకూ కలిపి రాసిస్తే, రోమన్ అధికారులు ఆమెను కొరడాలతో కొట్టి, కూతుళ్లను చెరిచారు. కోల్చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్ మూడూ తగలబడ్డాయి. ఇప్పటికీ అక్కడ పునాదులు తవ్వితే కాలిన ఎర్రమట్టి పొర కనిపిస్తుంది. 2014లో కోల్చెస్టర్‌లో ఒక షాపు కింద తవ్వకాల్లో, ఆనాడు కాలిపోయిన ఇంటి నేలలో చిన్న గుంట తీసి దాచిన బంగారు, వెండి నగలు దొరికాయి. దాచినవాళ్లు మళ్లీ తీసుకోవడానికి రాలేదు. యుద్ధానికి ముందు బౌడికా తన వస్త్రం మడతలోంచి ఒక కుందేలును వదిలి, అది పరిగెత్తిన దిక్కును బట్టి శకునం చూసిందని ఇంకో చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. అతను రాసింది వందేళ్లకు పైగా గడిచాక.

కాబట్టి ఫాంటసీ రాసేవాళ్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, రోమన్ల భయాన్నే నిజమనుకుని డ్రూయిడ్లను మంత్రగాళ్లుగా చూపించడం. రెండోది, అదే మాయను లోపలివాళ్ల కళ్లతో చూడటం. కుందేలు పరుగు చూసినవాళ్లకు అది దేవత ఇచ్చిన జవాబు. పక్క కొండ మీద నుంచి చూసే రోమన్‌కు అది పిచ్చి. ఒకే దృశ్యాన్ని రెండు కళ్లతో చూపించగలగడం ఈ తరహా కథలకున్న అసలు బలం. ప్రేమ అక్కరకొచ్చేదీ ఇక్కడే. యుద్ధంలో ఎదుటివాడి నమ్మకాన్ని అర్థం చేసుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ప్రేమించినవాళ్లకు ఆ అవసరం తప్పదు.

అరువు తెచ్చుకునేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. బంగారు కొడవలితో మిజిల్‌టో అనే బదనిక మొక్కను కోసే డ్రూయిడ్ బొమ్మ రోమన్ రచయిత ప్లినీ ఇచ్చింది, గాల్‌కు సంబంధించింది. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లను నిలబెట్టి అప్పటికే రెండు వేల ఏళ్లు దాటింది, దాన్ని డ్రూయిడ్లకు ముడిపెట్టింది చాలా తర్వాతివాళ్లు. ఒక్క రాత్రి గడిపి వస్తే బయట వందల ఏళ్లు గడిచిపోయే పరలోకం ఐర్లండ్ కథల్లోది. రోమ్ ఎన్నడూ గెలవని దేశంలో, శతాబ్దాల తర్వాత క్రైస్తవ సన్యాసులు రాసిపెట్టిన కథలవి. అసలు బ్రిటన్ దీవిలో వాళ్లను ఆ కాలంలో ఎవరూ కెల్టులని పిలవలేదు. ఆ పేరు వాళ్లకు అతికింది 18వ శతాబ్దపు భాషా పరిశోధనల తర్వాతే. ఇవన్నీ వాడకూడదని కాదు. ఏది ఎక్కడిదో తెలిసి వాడితే కథకు బరువొస్తుంది.

రెండో పక్కలోనూ ఇంతే గందరగోళం ఉంది. నవలల్లో రోమన్ హీరో అంటే ఇటలీ నుంచి వచ్చిన, పాలరాతి బొమ్మ లాంటి అధికారి. నిజంగా బ్రిటన్ సరిహద్దులో కాపలా కాసినవాళ్లలో చాలామంది ఇటలీ మొహం చూసినవాళ్లు కారు. బ్రిటన్ ఉత్తర సరిహద్దులో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకు దగ్గర్లోని విండోలాండా కోటలో ఉన్నవి ఇప్పటి నెదర్లాండ్స్ నుంచి వచ్చిన బటావియన్, బెల్జియం వైపు నుంచి వచ్చిన టుంగ్రియన్ దళాలు. గాల్‌లో పుట్టిన సైనికులూ ఈ సేనల్లో ఉండేవారు. గాల్ భాషకూ బ్రిటన్ భాషకూ పెద్ద తేడా లేదని టాసిటస్ అంటాడు. అంటే రోమన్ కవచం తొడుక్కున్న గాల్ సైనికుడికి, తను తగలబెట్టే పల్లెలో ముసలమ్మ పెట్టే శాపం అర్థమై ఉండొచ్చు. ఒక ప్రేమకథకు ఇంతకన్నా టెన్షన్ ఏం కావాలి? అయినా ఇటలీ అధికారినే పట్టుకుని వేలాడే కథలే ఎక్కువ.

విండోలాండా మట్టిలో 1973 నుంచి పలచటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతున్నాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే అధికారి భార్య, ఇంకో కోటలోని తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడీనాను సెప్టెంబరు 11న పుట్టినరోజుకు రమ్మని పిలిచింది. ఉత్తరమంతా గుమస్తా రాశాడు. చివర్లో సెవెరా తన చేత్తో "అక్కచెల్లెలా, నా ప్రాణమా" అన్నట్టు రెండు మాటలు కలిపింది. లాటిన్‌లో ఒక స్త్రీ చేతిరాతగా తెలిసిన అతి పాతవాటిలో అదొకటి. అదే చోట దొరికిన ఇంకో పలకలో స్థానికుల్ని "బ్రిటుంకులీ" అన్నారు. తక్కువ చేసి అనే మాట అది, మనం "బోడి" అని చేర్చి అన్నట్టు. ప్రాణంలాంటి స్నేహమూ, పక్క ఊరివాళ్ల మీద చిన్నచూపూ ఒకే కోటలో ఉన్నాయి. ఆ లోకంలో ఎవర్ని ప్రేమించినా ఆ చిన్నచూపును దాటుకునే రావాలి.

అక్కడే వేల సంఖ్యలో తోలు చెప్పులు కూడా దొరికాయి. వాటిలో ఆడవాళ్లవీ, పసిపిల్లలవీ ఉన్నాయి. చట్టం చూస్తే ఆ చెప్పులు అక్కడ ఉండకూడదు. దాదాపు క్రీ.శ. 197 వరకు, అంటే సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలందాకా, మామూలు సైనికుడికి చట్టం ఒప్పుకునే పెళ్లి లేదు. సహాయక దళాల్లో 25 ఏళ్లు కొలువు చేసినవాడికి పౌరసత్వమూ, తనతో ఉంటున్న స్త్రీని భార్య అనిపించుకునే హక్కూ వచ్చేవి. ఆ సంగతిని రెండు కంచు రేకుల మీద చెక్కి ఇచ్చేవారు. ఈ లోపు పుట్టిన పిల్లలు చట్టం దృష్టిలో తండ్రి లేనివాళ్లు. ఒక బ్రిటన్ స్త్రీ పాతికేళ్లు ఒక సైనికుడితో కాపురం చేస్తూ, అతను చావకుండా ఉంటే చాలు, ఆ కంచు రేకు వస్తే చాలు అని రోజులు లెక్కపెట్టి ఉంటుంది. ఏ రాజకుమారి కథలోనూ లేనంత నిరీక్షణ ఇందులో ఉంది.

రొమాన్స్ రచయితలు ఎక్కువగా తడబడేది బానిసత్వం దగ్గర. బందీగా దొరికిన తెగ పిల్ల, ఆమెను కొనుక్కున్న రోమన్, మెల్లగా ప్రేమ అనే ఆనవాయితీ ఈ పాయలో బాగా వేళ్లూనుకుంది. దీన్ని మొహమాటం లేకుండా తప్పనే చెప్పాలి, కనీసం సాధారణంగా రాసే తీరులో. కాదనే హక్కు లేనిచోట అవునన్న మాటకు విలువ ఎలా వస్తుంది? పెళ్లాడటం కోసం యజమాని విడిపించిన స్త్రీకి, అతని ఇష్టం లేకుండా విడిపోయి ఇంకొకరిని చేసుకునే వీలు రోమన్ చట్టంలో లేదు. రెజీనా విషయమే చూడండి. బారటీస్ దుఃఖం నిజం, ఆ "అయ్యో" మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు. అంత ఖర్చుపెట్టి, నగలతో కుర్చీలో కూర్చోబెట్టి చెక్కించాడు. కానీ అరమాయిక్ వరుసలో అతను భార్య అనలేదు, విడిపించిన మనిషి అన్నాడు. ఆమె అతన్ని ఏమని పిలిచిందో, ప్రేమించిందో లేదో ఆ రాయి చెప్పదు. నిజాయితీగల కథ ఈ రెంటినీ, అతని దుఃఖాన్నీ ఆమె మౌనాన్నీ, ఒకే పేజీలో పట్టుకోవాలి.

కోరుకునే హక్కు ఉన్న స్త్రీలు ఈ చరిత్రలో లేకపోలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్రిగాంటీస్ తెగ రాణి కార్టిమాండువా అలాంటి మనిషి. క్రీ.శ. 51లో ఆశ్రయం కోరి వచ్చిన కరాటకస్‌ను సంకెళ్లు వేసి రోమన్లకు అప్పగించింది. దానికి ఆమెను నేటికీ ద్రోహి అంటారు. తర్వాత భర్త వెనూటియస్‌ను వదిలేసి, అతని ఆయుధాలు మోసే వెల్లోకేటస్‌ను పెళ్లాడి, రాజ్యంలో పక్కన కూర్చోబెట్టింది. 69లో రోమ్‌లో నలుగురు చక్రవర్తులు మారిన ఏడాది, వెనూటియస్ తిరగబడ్డాడు. రోమన్ దళాలు రాణిని ప్రాణాలతో బయటికి తేగలిగాయి, రాజ్యం మాత్రం వెనూటియస్‌కు మిగిలింది. ఆ తర్వాత ఆమె పేరు ఎక్కడా వినిపించదు. టాసిటస్ దీనంతటికీ ఆమె కామమే కారణమన్నట్టు రాశాడు. ఆమె రాజధాని కావచ్చని భావించే స్టాన్‌విక్ మట్టికోటలో రోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన గాజు పాత్రలూ నునుపైన ఎర్ర పింగాణీ లాంటి మట్టిపాత్రలూ దొరికాయి. ఇరవై ఏళ్లకు పైగా తన తెగ ఊళ్లు కాలకుండా కాచుకున్న స్త్రీ ఆమె. బౌడికా ఊళ్లు ఏమయ్యాయో చూశాక ఆ లెక్కను తేలిగ్గా తీసిపారేయలేం. ఒక మనిషిని అప్పగించి ఒక తెగను కాపాడుకుని, చివరికి ఒక ఆయుధాలు మోసేవాడి కోసం అంతా పణంగా పెట్టిన రాణి! ఇంత గొప్ప ప్రేమకథకు ఆమె వైపు నుంచి ఒక్క ముక్క కూడా లేదు.

ఇప్పటి టర్కీలో, అంకారా చుట్టుపక్కల స్థిరపడ్డ గలేషియన్లూ కెల్టులే. వాళ్లలో కమ్మా అనే పూజారిణి కథను గ్రీకు రచయిత ప్లుటార్క్ చెప్పాడు. ఆమె భర్తను సినొరిక్స్ అనేవాడు చంపి, పెళ్లికి బలవంతపెట్టాడు. ఆమె సరేనంది. అర్తెమిస్ దేవత గుళ్లో పాలూ తేనే కలిపిన పాత్రలో తను కొంత తాగి, మిగిలింది అతనికిచ్చింది. అందులో విషం ఉంది. అతనే ముందు పోయాడని విని, ఆ తర్వాత ఆమె ప్రాణం విడిచింది.

రోమన్‌నూ డ్రూయిడ్ పూజారిణినీ ప్రేమలో కలిపిన కథల్లో బాగా పేరొచ్చింది ఇటలీ సంగీతకారుడు బెల్లీనీ ఆపెరా, అంటే పాటల నాటకం, నోర్మా, 1831 డిసెంబరులో మిలాన్‌లో మొదటిసారి ఆడింది. అందులో ఇద్దరూ చితిలో కలుస్తారు. కానీ ఇంతకన్నా ముందే, ఓడినవాళ్ల వారసులే ఇలాంటి కథ అల్లుకున్నారు. మధ్యయుగపు వేల్స్ భాషలో మాక్సెన్ వ్లెదిగ్ కల అనే కథ ఉంది. రోమ్ చక్రవర్తి వేటకెళ్లి నిద్రపోతే కలలో నదులూ కొండలూ సముద్రమూ దాటి, ఒక కోటలో బంగారు కుర్చీలో కూర్చున్న అమ్మాయి కనిపిస్తుంది. మేలుకున్నాక ఆమె తప్ప ఇంకేదీ పట్టదు. మనుషుల్ని పంపి వెతికిస్తే వేల్స్‌లో, ఇప్పటి కైర్నార్వన్ దగ్గర దొరుకుతుంది. పేరు ఎలెన్. చక్రవర్తి నిన్ను రమ్మంటున్నాడని దూతలు చెబితే, ప్రేమ ఉంటే అతన్నే ఇక్కడికి రమ్మనండి అంటుంది. అతను వస్తాడు. పెళ్లి కానుకగా ఆమె తండ్రికి బ్రిటన్ దీవి అడుగుతుంది, తనకు మూడు కోటలు అడుగుతుంది, వాటి మధ్య రోడ్లు వేయిస్తుంది. వేల్స్‌లో రోమన్ బాటల్ని ఇప్పటికీ సార్న్ హెలెన్, అంటే హెలెన్ బాట, అంటారు. రోమన్లు వేసిన రోడ్లను కథలో తమ ఆడబిడ్డ వేయించినట్టు మార్చుకున్నారన్నమాట. మాక్సెన్ వెనకున్న అసలు మనిషి మాగ్నస్ మాక్సిమస్, 383లో బ్రిటన్‌లో సైనికులు చక్రవర్తిగా నిలబెట్టినవాడు, 388లో చంపబడ్డాడు.

ఆ కథ చివర ఒళ్లు జలదరించే ముక్క ఒకటుంది. ఎలెన్ అన్న కినాన్ సేనతో ఇప్పటి ఫ్రాన్స్‌లోని బ్రిటనీ చేరి, అక్కడి మగవాళ్లను చంపి, ఆడవాళ్లను పెళ్లి కోసం ఉంచుకుంటాడు. వాళ్ల మాట కలిసి తమ భాష పాడవకూడదని ఆ ఆడవాళ్ల నాలుకలు కోయిస్తాడు. భాష పోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్లు రాసుకున్న కథ అది. తమ భాష కోసం ఎదుటివాళ్ల నోరు మూయించడాన్ని కూడా దాచకుండా రాసుకున్నారు.

ఇంగ్లండ్ నైరుతిన బాత్ పట్టణంలో వేడినీటి బుగ్గ ఉంది, నీళ్లు దాదాపు 46 డిగ్రీలు. కెల్టుల దేవత సులిస్‌ను రోమన్లు తమ దేవత మినర్వాతో కలిపి, సులిస్ మినర్వా అని అక్కడ గుడి కట్టారు. జనం తమ ఫిర్యాదులు సీసం రేకుల మీద రాసి ఆ బుగ్గలో పడేసేవారు, అలాంటివి 130 దాకా దొరికాయి. దుప్పటి పోయింది, చేతి తొడుగులు పోయాయి, దొంగకు నిద్ర పట్టకూడదు తల్లీ అని. ఒక రేకు మీద "నా దగ్గర్నుంచి విల్బియాను ఎత్తుకుపోయినవాడు నీరై కరిగిపోవాలి" అని అక్షరాలు తిరగేసి రాసి, కింద అనుమానం ఉన్నవాళ్ల పేర్లు పెట్టారు. విల్బియా అంటే ఒక అమ్మాయో, ఏదైనా వస్తువో ఇంకా తేలలేదు.

వాటిలోనే మెడలో వేలాడేసుకునే చిన్న బిళ్ల ఒకటుంది. అక్షరాలు రోమన్‌వి, భాష లాటిన్ కాదు. బ్రిటన్ల సొంత భాష కావచ్చని కొందరు పండితులంటారు. విండియోరిక్స్ అనే పేరు అందులో కనిపిస్తుంది. మిగిలిన మాటల్ని ఒక్కొక్కరు ఒక్కోలా చదివారు. శాపమన్నవాళ్లున్నారు, మొక్కు అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరో ఆ బిళ్లను మెడలోంచి తీసి, తన భాషలోనే రాసి, పొగలు కక్కే ఆ నీళ్లలో వదిలారు, చదవాల్సింది సులిస్ ఒక్కతే అన్నట్టు.